పద్యం చేతనైనవారి గద్యం: రాళ్లపల్లి వారి వ్యాసరచనపై ఒక పరిశీలన

కావ్యం గద్యమని, పద్యమని రెండు విధాలు. కావ్యాలంకారసూత్రాలలో వామనుడు ఈ విభాగం చేస్తూ గద్యాన్నే ముందు పేర్కొన్నాడు. ఎందుకు ముందు పేర్కొనవలసి వచ్చినదో వృత్తిలో తానే వివరించాడు. గద్యంలోని విశేషాలు సులభంగా కంటికి ఆనవు. అందువలన దానిని కూర్చడం కష్టం. కనుకనే దానికి అగ్రస్థానం. గద్యమే కవులకు ఒరగల్లు అన్న పెద్దల మాటను ఆయన ఉదాహరించినది కూడ ఈ సందర్భంలోనే. ఈ మాటను మనం తరగతిలో ఏటేట చెబుతున్నాము. చెప్పి, విద్యార్థుల చేత పద్యాలే వ్రాయిస్తున్నాము.

ప్రాచ్యకళాశాలలో చేరే పిల్లలలో కొందరికైనా రచయితలు కావలెనన్న ఆశ ఉంటుంది. రెండేండ్లలో కందం, తేటగీతి, ఆటవెలది పట్టుబడతాయి. మూడవ ఏట సీసం నడుస్తుంది. చురుకైనవాడు అవధానంలో పృచ్ఛకుడుగా కూర్చుంటాడు. ఆ విద్యార్థినే పిలిచి, నీకు నచ్చిన పాత్రను గురించి ఒక పత్రికకు నాలుగు పుటలు వ్రాసుకొని రమ్మంటే కలం కదలదు. కదిలినా అది పరీక్షలోని సమాధానం వలె కవికాలాదులతో మొదలై, కథాసంగ్రహంతో నడిచి, కవి ప్రశంసనీయుడన్న మాటతో ముగుస్తుంది. ఇది విద్యార్థి లోపమా, మన బోధనలోని లోపమా అన్న ప్రశ్న నన్ను చాలకాలంగా వేధిస్తున్నది. పాఠశాలలో సంస్కృతం చదివి, పద్యంతో రచన ప్రారంభించి, ఉత్తమ వ్యాసకర్తగా నిలిచిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి ఉదాహరణ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

ముందు లక్షణం. వామనుడు గద్యాన్ని వృత్తగంధి, చూర్ణం, ఉత్కలికాప్రాయం అని మూడు విధాలుగా చెప్పాడు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వీటికి ముక్తకాన్ని చేర్చి నాలుగు చేశాడు. సమాసాలు లేనిది ముక్తకం. నడుమ నడుమ వృత్తభాగాలు తగిలి పద్యపు వాసన వేసేది వృత్తగంధి. దీర్ఘసమాసాలతో కెరటాల వలె పొంగేది ఉత్కలికాప్రాయం. అల్పసమాసాలతో, లలితపదాలతో సాగేది చూర్ణకం. సమాసభూయస్త్వమే గద్యానికి ప్రాణమని దండి చెప్పడం వలన, బాణుని కాదంబరి ఎదుట నిలిచి ఉండడం వలన, మన పాఠశాలలలో గద్యమంటే ఉత్కలికాప్రాయమే అన్న భావం స్థిరపడినది. తెలుగులో చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడిన తరువాత, దాని ధోరణి పాఠ్యగ్రంథం ద్వారా తరతరాల చేతికి అంటుకొన్నది. సూరి గద్యం గొప్పదే. దానిని అనుకరించిన వారి గద్యాన్ని గురించి ఆ మాట చెప్పలేము.

పద్యం అలవడినవాడు గద్యానికి దిగినప్పుడు మొదట వచ్చేది ఉత్కలికాప్రాయం. దానిని మందలిస్తే వచ్చేది వృత్తగంధి. ఈ క్రమాన్ని నేను శాస్త్రంలో చదివి తెలుసుకోలేదు. నాకు ఇరవై ఏండ్లప్పుడు పద్మసరోవరంపై పండ్రెండు పద్యాలు, పంచమీతీర్థంపై ఒక వ్యాసం వ్రాసి ఒక మాసపత్రికకు పంపాను. శ్రీవారి సారె తిరుమల నుండి ఏనుగుపై మా ఊరికి రావడం, చక్రస్నానవేళ కోనేటిలో జనం ఒక్కుమ్మడిగా మునగడం, ఇవన్నీ పసితనం నుండి నేను కన్నులారా చూస్తున్నవే. పద్యాలలో నాలుగు అచ్చయినవి. వ్యాసం తపాలాలో తిరిగి వచ్చినది. అంచున ఎర్రపెన్సిలుతో సంపాదకులు రెండు వాక్యాలు వ్రాశారు. మూడు పుటలలో తొమ్మిది వాక్యాలే ఉన్నవని ఒకటి. గట్టున మీరు ఏ వైపు నిలిచి చూశారో ఒక్క వాక్యంలోనూ తెలియడం లేదని రెండవది. సమాసాలు విప్పి మళ్లీ వ్రాశాను. ఈసారి వాక్యాలు చిన్నవైనవి కాని, ప్రతి వాక్యం చివర తేటగీతి పాదం ముగిసిన తూగు వినబడినది. అదీ తిరిగి వచ్చినది. ఈసారి అంచున ఏమీ వ్రాయలేదు.

నా గోడు అటుంచి ప్రకృతానికి వస్తాను. రాళ్లపల్లి వారు 1893లో అనంతపురం మండలంలోని రాళ్లపల్లిలో జన్మించారు. బాల్యంలోనే మైసూరు చేరి, పరకాలమఠాధిపతులు శ్రీకృష్ణబ్రహ్మతంత్రస్వామివారి ఆశ్రయంలో సంస్కృతం అభ్యసించారు. బిడారం కృష్ణప్పగారి వద్ద సంగీతం నేర్చారు. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితపదవిలో చేరి ముప్పదియేడేండ్లకు పైగా అక్కడే బోధించారు. ఆ పదవికి వారిని పురికొల్పినది అప్పుడు అదే కళాశాలలో ఉన్న కట్టమంచి రామలింగారెడ్డిగారు. తరువాత తిరుపతికి వచ్చి శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధన సంస్థలో తాళ్లపాక సంకీర్తనల పరిష్కరణలో, స్వరకల్పనలో తమ ఉత్తరవయస్సును వినియోగించారు. 1974లో సంగీతకళానిధి బిరుదు పొందారు. 1979 మార్చి 11న దివంగతులైనారు. ఈ పరిసరాలలో వారిని సంకీర్తనల శర్మగారుగానే ఎరుగుదురు. వారి వ్యాసాలు చదివినవారు తక్కువ.

యౌవనంలో వారు వ్రాసినవి ‘తారాదేవి’, ‘మీరాబాయి’ అన్న ఖండకావ్యాలు. తరువాత కావ్యకర్తృత్వం వెనుకబడి వ్యాసకర్తృత్వం ముందుకు వచ్చినది. ‘నాటకోపన్యాసములు’, ‘వేమన’, ‘సారస్వతాలోకము’, ‘గానకళ’ ఈ కోవలోనివి. కవి అలసిపోయి విమర్శకుడైనాడని ఇటువంటివారి విషయంలో ఒక తేలికమాట ప్రచారంలో ఉన్నది. ఆ మాట ఇక్కడ పొసగదు. వారి తొలి కావ్యాల పేర్లు చూడండి; రెండూ స్త్రీల పేర్లే. తరువాతి వ్యాసాలలో ప్రసిద్ధమైన రెండింటి పేర్లు చూడండి: ‘నిగమశర్మ అక్క’, ‘తిక్కన తీర్చిన సీతమ్మ’. పద్యంలో ఏ వస్తువు వారిని ఆకర్షించినదో గద్యంలోనూ అదే ఆకర్షించినది. మారినది పాత్ర కాదు, పనిముట్టు. ఖండకావ్యంలో కవి నాయికను తానే నిర్మించుకొంటాడు. వ్యాసంలో ఇంకొక కవి నిర్మించిన స్త్రీని పాఠకుని ముందుకు తీసుకొని రావలె. తెచ్చి, తాను ప్రక్కకు తప్పుకోవలె. ఈ తప్పుకోవడం పద్యకవికి మిక్కిలి కష్టం.

‘నిగమశర్మ అక్క’ను కొంత నిలిచి చూడవలసి ఉన్నది. పాండురంగమాహాత్మ్యంలో నిగమశర్మ కథ మనకందరకూ పాఠ్యమే. దుర్వ్యసనాలపాలైన తమ్మునికి బుద్ధి చెప్పడానికి అక్క పుట్టింటికి వస్తుంది. చెబుతుంది. వాడు వినినట్టే విని, అదను చూచి ఇంటిలోని సొమ్మంతా మూటకట్టుకొని పారిపోతాడు. అక్క పాత్ర అంతటితో సరి. తెనాలి రామకృష్ణుడు ఆమెకు పేరైనా పెట్టలేదు. తరగతిలో మనం ఈ ఘట్టం చెప్పేటప్పుడు ప్రతిపదార్థం, సమాసం, అలంకారం చెబుతాము. ‘అక్క’ దగ్గర ఆగడానికి అక్కడ కఠినపదమేమీ లేదు. రాళ్లపల్లి వారు ఆగినది అక్కడే. పేరు లేని ఈ స్త్రీ చదివినవారికి మరపు రాకపోవడం ఎందువలన అన్నది వారి ఆలోచన. కవి ఒక్క ఘట్టంలో, కొలది పద్యాలలో, అనుభవం కలిగిన ఒక ఇల్లాలి మాటతీరును ఎట్లు పట్టుకొన్నాడో ఆ వ్యాసం చూపుతుంది. మన సాహిత్యంలో ఒక అప్రధానపాత్ర ఈ విధంగా ఒక వ్యాసానికి పూర్తిగా విషయమై నిలవడం ఆనాటికి అరుదు. నేడు ఏ కళాశాలలోనైనా ఈ అక్కను ప్రత్యేకించి చెబుతున్నారంటే దానికి కారణం ఆ వ్యాసమే.

ఈ ఎన్నికశక్తి ఎక్కడ నుండి వచ్చినది? నేను చెప్పదలచిన ముఖ్యాంశం ఇది. మన పాఠశాలలో గద్యశిక్షణ లేదని ఆక్షేపించేవారున్నారు. ఉన్నది. మనం దానిని కావ్యగద్యంలో వెదకుతున్నాము కనుక కనబడడం లేదు. అది ఉన్నది వ్యాఖ్యానంలో, భాష్యంలో. మూలం లేనిది ఏదీ వ్రాయను, అపేక్షితం కానిది ఏదీ చెప్పను అని మల్లినాథుడు చేసిన ప్రతిజ్ఞ మనందరకూ కంఠస్థం. పత్రికావ్యాసానికి అంతకంటె మంచి నియమం ఏ సంపాదకుడు చెప్పగలడు? మొదటి భాగం పరిశోధకునికి; రెండవ భాగం రచయితకు. మన వ్యాసాలు సాధారణంగా మొదటి నియమం పాటించి రెండవ నియమం దగ్గర తప్పుతాయి. చదివినదంతా చెప్పవలెనన్న తహతహ పండితునికి సహజం. నాకూ ఉన్నది.

మహాభాష్యం ఇంకొక ఉదాహరణ. పతంజలి గద్యంలో దీర్ఘసమాసం దాదాపు కనబడదు. ప్రశ్న, ఆక్షేపం, సమాధానం, మళ్లీ ఆక్షేపం. చిన్న చిన్న వాక్యాలు. కుమ్మరి ఇంటికి వెళ్లి కుండ చేయించుకొనేవాని వలె వైయాకరణుని ఇంటికి వెళ్లి శబ్దాలు చేయించుకొనేవాడుండడన్నటువంటి లోకానుభవంలోని ఉపమానాలు. ఎదురుగా శిష్యుడు కూర్చుని ఉన్నట్టే వాక్యం నడుస్తుంది. పతంజలికి చూర్ణికారుడన్న వ్యవహారం కలదు. ఆలంకారికుల చూర్ణకానికి, ఈ పేరుకు గల పదసామ్యం మీద సిద్ధాంతం కట్టబోను. కాని సామ్యం మాత్రం ఆలోచింపదగినది. వ్యాకరణం చదివిన విద్యార్థి ఏండ్ల తరబడి ఈ చూర్ణకగద్యాన్ని వల్లిస్తాడు. వ్యాసం వ్రాయమనగానే దానిని మరచి కాదంబరిని తలచుకొంటాడు.

రాళ్లపల్లి వారు తలచుకొన్నది భాష్యాన్ని. వారి గద్యం ఏ పుట తిప్పినా చూర్ణకమే. సంస్కృతపదం అవసరమైనచోట వస్తుంది. వచ్చిన తరువాత తెలుగుమాట ప్రక్కన ఒదిగి కూర్చుంటుంది. తమకు తామే ప్రశ్న వేసుకొంటారు, ఎదుటివాని పక్షాన ఆక్షేపం తెచ్చుకొంటారు, దానికి తగినంత మర్యాద ఇచ్చి సమాధానం చెబుతారు. సన్నని హాస్యం ఉంటుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన అనంతపురంలో ఇచ్చిన ఉపన్యాసాలు 1929లో ‘వేమన’ అన్న పేర గ్రంథరూపం పొందినవి. పాఠశాలపండితులు వేమన్నను కవిగా లెక్కించడానికే సందేహించిన రోజులవి. శ్రీవైష్ణవసంప్రదాయంలో పెరిగి, సంస్కృతకావ్యాలలో మునిగి తేలిన వ్యక్తి ఆ కవిని ఎత్తుకొని, అభిమానం వలన పరీక్షను మానక, పరీక్ష వలన అభిమానాన్ని చంపుకొనక నడిపిన చర్చ అది. పూర్వపక్షాన్ని నిజాయితీతో చెప్పే భాష్యకారుల అలవాటు లేనిదే ఆ గ్రంథం అట్లు వచ్చేది కాదని నా విశ్వాసం.

వారికి మరియొక శిక్షణ కూడ లభించినది. శాలివాహన గాథాసప్తశతి నుండి గాథలను ఎన్నుకొని వారు తెలుగు పద్యాలు చేశారు. ప్రాకృతగాథ రెండు పాదాల ముక్తకం. అందులో ఒక పల్లెటూరు, ఒక ఇల్లు, ఒక మాట, చెప్పని మాట ఇంకొకటి ఉంటాయి. ఏడువందలలో ఏది తీసుకోవలె, ఏది విడువవలె అన్న నిర్ణయమే అందులో సగం పని. అల్పపరిమాణంలో అల్పుల జీవితాన్ని చూడడానికి అలవడిన ఆ కన్నే పాండురంగమాహాత్మ్యంలో అక్కను చూచినదని అనుకొంటే పొరపాటు కాదు.

ఇక కట్టమంచి వారి మాట. చిత్తూరు ప్రక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా పోటీకి వ్రాసిన కావ్యం ‘ముసలమ్మ మరణము’. బుక్కరాయసముద్రం చెరువుకట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన కోడలి కథ. 1914లో వారు ‘కవిత్వతత్త్వవిచారము’ ప్రకటించారు. మొదట కావ్యం, తరువాత విమర్శ. మొదట ఒక స్త్రీ కథ. రాళ్లపల్లి వారి ప్రస్థానానికి ఇది ముందు నడచిన అడుగుజాడ. అయినను గద్యంలో ఇద్దరిదీ ఒక దారి కాదు. రెడ్డిగారిది వాదం, సభలో లేచి నిలిచిన గొంతు. శర్మగారిది సంభాషణ, అరుగుమీద కూర్చున్న గొంతు. నాకు రెండవదే ఇష్టం.

సభ అన్నాను కనుక ఒక భేదం గుర్తించవలె. పాఠశాలలో మనం సభకు వ్రాయడం నేర్చుకొంటాము. సభలో పద్యం చదివితే పెద్దలు తల ఊపుతారు. బాగున్నచోట మళ్లీ చదివిస్తారు. అర్థం కానివాడు కూడ రాగం విని కూర్చుంటాడు. పత్రికాపాఠకుడు ఎదుట ఉండడు. అతని గురువు వేరు, చదువు వేరు. రెండవ పుటలో విసిగితే పత్రిక మూసివేస్తాడు, మనకు తెలియను కూడ తెలియదు. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1924లో ప్రారంభించిన ‘భారతి’ వంటి సాహిత్యపత్రిక ఈ కనబడని పాఠకుని పండితునికి పరిచయం చేసినది. శాసనం, వ్యాకరణం, కథ, పద్యం, పుస్తకసమీక్ష ఒకే సంచికలో ఉండడం వలన, వైయాకరణుడు కథకుని పాఠకునికి కూడ జవాబుదారీ కావలసి వచ్చినది. 1991లో ‘భారతి’ ఆగిపోయినప్పుడు మనవంటివారు కోల్పోయినది అచ్చయ్యే చోటు ఒక్కటే కాదు, ఆ జవాబుదారీ కూడ. ఇప్పుడు మనం ఒకరి కొరకు ఒకరం వ్రాసుకొంటున్నాము.

ఇంకొక కష్టం. పద్యానికి నాలుగవ పాదం ఉన్నది. అక్కడికి రాగానే కవి ఆగుతాడు, ఆగక తప్పదు. వ్యాసానికి నాలుగవ పాదం లేదు. ఎక్కడ ఆగవలెనో రచయితే నిర్ణయించుకోవలె. పుట్టపర్తి నారాయణాచార్యులు పదునాలుగేండ్ల ప్రాయం దాటకమునుపే ‘పెనుగొండలక్ష్మి’ వ్రాశారనీ, తరువాత తాము వ్రాసే విద్వాన్ పరీక్షకు ఆ పుస్తకమే పాఠ్యమైనదనీ మనవారు సంతోషంతో చెప్పుకొంటారు. వారు చదివినది మన తిరుపతిలోనే. అంతటి ప్రతిభావంతులకు ఆ వయస్సులో కావ్యం పుట్టినది. ఆ వయస్సులో మంచి వ్యాసం పుట్టినట్టు మాత్రం నేనెక్కడా వినలేదు.

గద్యంలోని లయను గురించి కొంత చెప్పి విరమిస్తాను. వృత్తగంధి దోషమైతే గద్యానికి నడకే ఉండరాదా అన్న శంక కలుగుతుంది. దీనికి తాళ్లపాకవారి ఇంటిలోనే సమాధానం ఉన్నది. అన్నమాచార్యుల సంస్కృత సంకీర్తనలక్షణాన్ని మనుమడు చినతిరుమలాచార్యులు తెనిగించాడు. అందులో కృష్ణమాచార్యుల వచనాల వంటి రచనను తాళగంధి అన్న పేర ప్రస్తావించాడు. ఛందస్సు లేదు, తాళపు వాసన మాత్రం ఉన్నది. పెదతిరుమలాచార్యుల వైరాగ్యవచనమాలికాగీతాలు ఈ జాతివే. స్వామితో ముఖాముఖి మాటాడినట్టుండే వచనం. వృత్తగంధి వేరు, తాళగంధి వేరు అని గ్రహిస్తే పద్యకవికి గద్యంలో దారి దొరుకుతుంది. చెవిని వదులుకోనక్కరలేదు, గణాలను వదులుకొంటే చాలు. రాళ్లపల్లి వారి వాక్యంలో వినబడేది ఈ రెండవ గంధమే. అయితే తాళ్లపాక వచనాల ప్రభావం వలన వారి గద్యం ఇట్లయినదని చెప్పడానికి కాలక్రమం ఒప్పదు. వారు తిరుపతికి రాకమునుపే ‘వేమన’ వెలువడినది, వారి గద్యం కుదురుకొన్నది. పాడిన గొంతు వ్రాసిన వాక్యం కనుక పోలిక వచ్చినదని మాత్రమే అనగలను.

గ్రాంథికమా, వ్యావహారికమా అన్న వాదాన్ని ఇక్కడ ఎత్తడం లేదు. చూర్ణకం రెండింటిలోనూ సాధ్యమే. చెడ్డగద్యం రెండింటిలోనూ ఇంకా బాగా సాధ్యం.

ఈ ఆలోచనతో నేను కొంతకాలంగా ఒక ప్రయోగం చేస్తున్నాను. పద్యాలు దిద్దించుకోవడానికి మా ఇంటికి వచ్చే విద్యార్థిని ఒకరున్నారు. మత్తేభం కూడ తడబడకుండ వ్రాయగలదు. పత్రికకు వ్యాసం వ్రాయవలెనని ఆమెకు కోరిక. మనుచరిత్రలో ప్రవరునికి పాదలేపమిచ్చిన సిద్ధుని గురించి వ్రాసి తెచ్చినది. మొదటి ప్రతిలో పెద్దన కాలనిర్ణయమే రెండు పుటలు. మల్లినాథుని రెండవ నియమం గుర్తుచేసి, ఆ రెండు పుటలూ కొట్టివేయించాను. చిన్నబుచ్చుకొన్నది. వారం తిరిగిన తరువాత తెచ్చిన ప్రతి ఒక ప్రశ్నతో మొదలైనది: లోకమంతా తిరిగిన సిద్ధునికి మంచునీటిలో ఆ లేపం కరుగుతుందని తెలియదా, తెలిసీ చెప్పలేదా? నాకు వెంటనే సమాధానం తోచలేదు. యాభై ఏండ్లుగా ఆ ఘట్టం పాఠం చెప్పినవాడను, ఇప్పుడు ఆమెతో కలిసి మనుచరిత్రను మళ్లీ మొదటి పద్యం నుండి చూస్తున్నాను.